మగ్గం గుంటలో చేతుల్లేని కోటు

అరవదేశపు గుడియాత్తంలో మా నేతవీధిలో గుడ్డను "కోశాం" అని ఎవరూ అనరు. మగ్గం మీద నేత పూర్తయితే "గుడ్డ దిగింది" అంటారు. ఇంటి మగవాడు స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టుకుని, చిన్న కత్తితో చివరి పోగులు తెంపుతాడు. ఆ సమయానికి ఆడవాళ్ళు ముఖం పక్కకు తిప్పుకోవాలి. అలాంటి వీధిలో, పట్టపగలు వాకిట్లో కూర్చుని, నేనొక దొర కోటును విప్పి ముక్కలు ముక్కలుగా కోశాను. ఇప్పటికీ కోశాననే అంటాను.

అప్పటికి నేను ఒడుగత్తూరులో అత్తవారింటి నుంచి వచ్చేసి ఉన్నాను. ఎదురు మాట్లాడుతుందని పంపించేశారు. మాట్లాడాను, నిజమే. అవసరమైన చోట పలకని నోరు కూడు తినడానికి తప్ప ఎందుకు? పుట్టింట్లో ముగ్గురం ఉండేవాళ్ళం: మా నాయన, ఆయన అక్క అయిన మా అత్త, నేను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా అత్త పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి తమ్ముడి దగ్గరికి వచ్చిన మనిషి. ఇంటి ఆచారమంతా ఆమె చేతిలో ఉండేది. ఏ వారం ఏ పని మొదలుపెట్టకూడదో, ఏ గుడ్డ ఏ కొయ్యకు తగిలించకూడదో ఆమెనే అడగాలి. నేను అడిగేదాన్ని కాదు, ఆమె చెప్పడం మానేది కాదు.

మా నాయన మెత్తని మనిషి. ఎవరేమన్నా "సరే" అనేవాడు. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు గానీ తెలుగు చదవగలిగిన వాళ్ళు అరుదు. నాయనకు చదువు వచ్చు. ఆడపిల్లకు ఎందుకని అత్త గొణుగుతున్నా వినకుండా నాకు అక్షరాలు దిద్దించాడు. అప్పటిదాకా ఆయన ఎవరికైనా ఎదురు తిరిగి చేసిన పని, నాకు తెలిసినంతవరకు, అదొక్కటే. అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. గాలి పొడిగా ఉంటే నూలు తెగుతుంది కాబట్టి గుంటలో నీళ్ళు చల్లుతూ ఉంటాం. చలికాలపు మార్గళి నెల వచ్చిందంటే ఆ తేమ ఎముకల్లోకి ఎక్కుతుంది. ఆ ఏడాది నాయనకు దగ్గు పట్టుకుంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా చెయ్యి అదిరి, అడ్డపోగును మోసే నాడె దారి తప్పేది. నాడె దారి తప్పితే గుడ్డలో పోగు జారుతుంది. జారిన పోగును కప్పిపుచ్చడం ఎవరి వల్లా కాదు.

మాకు నూలు ఇచ్చి గుడ్డ తీసుకుపోయే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మా వీధికి కులపెద్ద కూడా ఆయనే. ఒకనాడు మా లుంగీ గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి, తప్పు మీద వేలు పెట్టాడు.

"ఏమప్పా, గుడ్డ ఇట్ల వస్తే నేను యాడ అమ్మేది? పొంగలు పండగ లోపల సరిగ్గా వచ్చిందా, సరి. లేదంటే నీకు నూలిచ్చేది లేదు. మగ్గం ఇంకెవురికన్నా ఇచ్చేసి నెమ్మదిగా ఇంట్లో కూర్చో."

నాయన "సరే" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను బతిమాలితే, "మగ్గం దిగినోడు మంచమెక్కతాడమ్మా. మా నాయన అట్లే పోయినాడు" అన్నాడు. ఆ మాట పూర్తి చేయడానికి ఆయన మధ్యలో ఎంతసేపు దగ్గాడో నేను చూశాను. మా నాయన మగ్గం దిగడు, నేను దిగనివ్వను అని అప్పుడే అనుకున్నాను.

కంబళి కప్పుకోవచ్చు కదా అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను కప్పుకుని నేయమనండి, చూస్తాను. ఒక చెయ్యి నాడె విసరాలి, ఒక చెయ్యి పేకను కొట్టాలి. కంబళి భుజం మీద నుంచి జారి పడుగు మీద పడుతుంది. దాన్ని ఎత్తుకునేలోపు ఇంకో పోగు జారుతుంది.

నాయనకు కషాయం దినుసులు కొనాలని చెప్పి, వేలూరుకు సరుకు తీసుకుపోయే బండిలో నేనూ నాయనా ఎక్కాం. విరించిపురం దగ్గర పాలారు ఇసుక మీది నుంచి వచ్చిన గాలికి ఆయన దగ్గి దగ్గి బండిలోనే పక్కకు వాలిపోయాడు. వేలూరులో ఆయన్ను బండిలోనే పడుకోబెట్టి బజారులోకి పోతే, ఒక టైలరు అరుగు మీద కొయ్యకు తగిలించి ఉన్న ఒకదాన్ని చూశాను. కోటే, కానీ చేతులు లేవు. రొమ్మునూ వీపునూ కప్పుతుంది, రెండు చేతులనూ వదిలేస్తుంది. నేతవాడి కోసమే ఎవరో ఆలోచించి కుట్టినట్టుంది. ఎవరూ ఆలోచించలేదని నాకు తెలుసు. అయినా నాకు అలాగే అనిపించింది.

"దీన్ని ఏమంటారు?" అని టైలరును అడిగాను.

"వేస్టుకోటు. దొరలు వేసుకునేది. నేతోళ్ళకి ఇది ఏంటికమ్మా?"

"మా నాయనకు ఒకటి కుట్టుకోవాల."

ఆయన నవ్వాడు. "సూదిలో దారమన్నా ఎక్కించేది తెలుసునా నీకు?"

ఆ ఒక్క మాటతో ఆయన నాకు సగం కోటు కుట్టి పెట్టాడు. మిగిలిన సగం నేను అక్కడే నిలబడి చూసి నేర్చుకున్నాను. ముందువైపు రెండు పలకలు, మెడ దగ్గర నుంచి రొమ్ము దాకా దిగిన గీత, వెనక వేరే పల్చటి గుడ్డతో వీపు, నడుము దగ్గర బిగించుకునే పట్టీ. ఆయన విసుక్కుని దాన్ని తీసి లోపల పెట్టేదాకా కదల్లేదు.

అదే వీధి చివర పాత బట్టలు కుప్ప పోసి అమ్మేవాడి దగ్గర ఈ కోటు దొరికింది. మోచేతుల దగ్గర చిరిగిపోయి, ఒక చెయ్యి పురుగు కొట్టి ఉంది. చేతులతో నాకు పనే లేదు. రొమ్ము, వీపు గట్టిగా ఉన్నాయి. మట్టిరంగు మీద అక్కడక్కడ ఆకుపచ్చ, ఇటుకరంగు పోగులు. చెయ్యి పెడితే గరుకు, ఆ గరుకులోనే వేడి. దాన్ని ట్వీడు అంటారని అమ్మేవాడు చెప్పాడు. అమ్ముదామని వెంట తెచ్చిన, పెద్దాయన వెనక్కి కొట్టిన లుంగీ ఒకటి ఇచ్చి మార్చుకున్నాను. ఆ లుంగీలో పోగు జారిన చోటు వాడికి కనిపించనే లేదు.

ఇంటికి తేగానే అత్త ఒంటికాలి మీద లేచింది. "చచ్చిన దొర కోటు తెచ్చి నా తమ్మునికి తొడగతావా? నీకు బుద్ధి ఉండాదా?"

"దొర చచ్చినాడని నీకెవురు చెప్పినారు అత్తా?"

"చావకుంటే కోటు బజార్లోకి ఏంటికి వస్తాది?"

నాయన కోటు అంచును వేళ్ళ మధ్య నలిపి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూశాడు. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

"నాలుగు తొక్కుడు పలకల మీద నేసినారు దీన్ని. చూడమ్మా, ఏటవాలుగా ఎట్ల పోతా ఉండాదో. ఈడ తిరిగి చేపముల్లు మాదిరి వెనక్కి వస్తా ఉండాది. ఒక్క పోగు తప్పలే." తర్వాత అత్త వైపు తిరిగాడు. "సుమ్మా ఉండుక్కా, ఊరుకో. ఇది చచ్చినోడి గుడ్డ గాదు, నేసినోడి గుడ్డ. యాడనో మన మాదిరి ఒకడు గుంటలో కూర్చోని నేసి ఉంటాడు."

అత్త మింగలేక కక్కలేక వంటింట్లోకి పోయింది.

కుట్లన్నీ విప్పి ముక్కలు విడదీశాను. ఎవరో తొడిగిన గుడ్డ కాబట్టి ఉతకాలి. ఉతికిన గుడ్డకు గంజి పెట్టాలి. నేత ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ రెండూ ఊపిరి పీల్చినంత సహజం. నూలు ఇంట్లోకి వస్తే గంజి, పడుగు సాగదీస్తే గంజి, గుడ్డ దిగితే గంజి. అలాగే ట్వీడు ముక్కలను కుండలో ఉడకబెట్టి, వేడి గంజిలో ముంచి, పిండి, ఎండలో పరిచాను. సాయంత్రం చూసేసరికి పెద్ద ముక్కలు చిన్నవయ్యాయి. ఏటవాలు నేత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఉన్ని అంతా ముడుచుకుని, పోగూ పోగూ కరుచుకుని, ఎండిన దిబ్బరొట్టెలా అయింది.

పక్కింటామె చూసి, "ఇంక దాన్ని కుండ మీద మూత పెట్టుకో" అంది. వీధంతా నవ్వింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను అనడం వాళ్ళకు కొత్త కాదు. నేను ఒక ముక్క తీసి నోటికి అడ్డం పెట్టుకుని ఊదాను. అవతలికి ఊపిరి పోలేదు. ఊపిరి పోని గుడ్డలోంచి చలి ఎలా వస్తుంది? నేను ఏడవలేదు. చల్లటి నీళ్ళలో గంజి వదిలేదాకా జాడించి, నీడలో ఆరబెట్టి, కత్తెర తీశాను.

కత్తెర అంటే పోగులు కత్తిరించుకునే చిన్నది. దానితో ఆ గుడ్డ తెగడానికి నా బొటనవేలు బొబ్బలెక్కింది. నిలువుగా, అడ్డంగా కోయడం నాకు కష్టం కాలేదు. పోగు వెంట పోతే చాలు. చంక దగ్గర గుండ్రంగా తిరగాలి. అక్కడ పోగులను అడ్డంగా నరుక్కుంటూ పోవాలి. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. పోగును కాపాడటమే తప్ప నరకడం ఎరగని ఇంట్లో పెరిగాను. "అమ్మా తల్లీ, నాయన కోసం" అనుకుని తిప్పేశాను.

ముందువైపు రెండు పలకలకే ట్వీడు సరిపోయింది. వీపుకు చాలలేదు. టైలరు అరుగు మీద చూసిన కోటుకూ వీపు వేరే గుడ్డే కదా. పెద్దాయన వెనక్కి ఇచ్చిన లుంగీ ఇంకొకటి ఇంట్లో ఉంది, నీలం గళ్ళది. దాన్నే మడతలుగా వేసి వీపు చేశాను, లోపలి అస్తరూ అదే. జారిన పోగు సరిగ్గా రెండు భుజాల మధ్యకు వచ్చింది. మార్చవచ్చు, మార్చలేదు. ఆ పోగు జారినందుకే కదా ఇదంతా. మా మగ్గం నూలునే పేని, మైనం రాసి, ఆ దారంతో కుట్టాను. కాజాలు కుట్టేటప్పుడు మాత్రం టైలరు నవ్వు చెవిలో జోరీగలా తిరిగింది. మొదటి కాజా వంకరగా వచ్చింది. చివరిది తిన్నగా వచ్చింది.

తొడిగితే నాయనకు అచ్చంగా సరిపోయింది. పట్టీ బిగించాను. ఆయన చేతులు ముందుకూ వెనక్కూ ఆడించి చూసుకుని, "అడ్డం లేదు" అన్నాడు. పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు కూడా.

మరునాడు పొద్దున ఆయన ఆ కోటుతో గుంటలోకి దిగాడు. రెండు పూటలు దగ్గు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ చెయ్యి అదిరేంత రాలేదు. నాడె చప్పుడు ఒక్క తీరుగా వినిపిస్తుంటే నేను అత్తతో పాటు నూలు కండెలు చుడుతూ పాట కూడా పాడాను. అత్త మాత్రం గుంట వైపు చూడకుండా తిరిగింది. మగ్గం గుంట అమ్మవారి చోటు. అందులోకి కుట్టిన గుడ్డతో ఎవరూ దిగరు. ఉతికిన పంచె, పైన ఏమీ ఉండకూడదు. అది నాకూ తెలుసు.

వీధిలో దాగే సంగతి కాదు. పెద్దాయన వచ్చి గుంట దగ్గర నిలబడ్డాడు.

"ఏమప్పా ఈ వేషం? గుంటలో దొర కోటా?"

నాయన తల దించుకున్నాడు. నేనే ముందుకు వచ్చాను.

"కుళురుకి మామా, చలికి. దగ్గు తగ్గితే చెయ్యి అదరదు. చెయ్యి అదరకుంటే గుడ్డలో తప్పు ఉండదు. మీరు అడిగినది అదే గదా?"

"కుట్టిన గుడ్డతో గుంటలోకి దిగేది మన కులంలో ఉండాదా?"

"ఇది ఉన్ని మామా. ఉన్నికి మైల లేదు. మా అత్త కంబళి చుట్టుకోనే మడి వంట చేస్తాది."

"ఉన్ని సరే. కుట్టు ఉండాదే."

"మీరు వేలూరు సర్కారు కచేరికి పొయ్యేటప్పుడు నల్లకోటు వేసుకోని పోతారు. దానికి కుట్లు లేవా?"

పెద్దాయన ముఖం ఎర్రబడింది. నాతో మాట్లాడటం తనకు తగదన్నట్టు నాయనతో అన్నాడు: "నీ కూతురు ఎందుకు ఇంటికి వచ్చేసిందో ఇప్పుడు తెలిసిందిలే. కోటు నీ ఇష్టమప్పా. కానీ రేపు నీ పడుగు గంజికి వీధిలో ఒక్క చెయ్యి కూడా రాదు."

ఆ బెదిరింపు చిన్నది కాదు. కొత్త పడుగు మగ్గం ఎక్కేముందు దాన్ని వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఆరేలోగా పెద్ద కుంచెలతో దువ్వాలి. దువ్వడం ఆలస్యమైతే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి, పడుగంతా పాడవుతుంది. ఒక ఇంటి వల్ల అయ్యే పని కాదు. మీ పడుగుకు మేము, మా పడుగుకు మీరు. వీధి చెయ్యి తీసేస్తే మగ్గం ఆగినట్టే.

నాయన "సరే" అని కోటు విప్పి నా చేతికిచ్చాడు.

పెద్దాయన వెళ్ళాక నేను నాయన మీద అరిచాను. ఆయన మీద అంతకుముందు ఎప్పుడూ అరవలేదు. "నీ రొమ్ము నీది నాయనా. దగ్గితే నొచ్చేది నీకి. ఆయనకేం?" అన్నాను. నాకు కోపం కన్నా అవమానం ఎక్కువైంది. బొబ్బలెక్కిన బొటనవేలు కన్నా ఆ "సరే" నన్ను ఎక్కువ నొప్పించింది. ఆయన గుంటలో కూర్చుని దగ్గుకున్నాడు.

పడుగు వేసే రోజు తెల్లవారుతుండగా వీధివాళ్ళంతా కుంచెలతో వచ్చారు. పెద్దాయన మాట నాయన విన్నాడు కాబట్టి వచ్చారు. మంచు ఇంకా విడలేదు. కొయ్యల మధ్య పడుగు సాగదీశారు, నేను గంజి కుండలు మోసుకొచ్చాను. మా అత్త ఎప్పటిలాగే గడప లోపల నిలబడింది. భర్త పోయిన ఆడది కొత్త పడుగును ముట్టకూడదు. ఇన్నేళ్ళలో ఏ పడుగు రోజూ ఆమె గడప దాటలేదు.

గంజి పట్టించడం అయింది. అప్పుడు నాయన ఇంట్లోంచి వచ్చాడు. ఒంటి మీద చేతుల్లేని కోటు, గుండీలన్నీ పెట్టుకుని.

అందరి చేతులూ ఆగిపోయాయి. పెద్దాయన ఏదో అనబోయాడు. నాయన ఆయన్ను అననివ్వలేదు.

"నాకి పొద్దున చలి అయితా ఉండాది. అందుకే వేసుకున్నా. గుంటలోకి కూడా వేసుకోనే దిగతా. మీకు చెయ్యి పట్టేదానికి ఇష్టముంటే పట్టండి. లేదంటే పొండప్పా, నేను తప్పనుకోను."

అంత పొడవైన మాట ఆయన వీధిలో నిలబడి చెప్పడం నేనెప్పుడూ వినలేదు. దగ్గు ఆపుకుంటూ చివరిదాకా చెప్పాడు. ఆ క్షణంలో నాకు ప్రపంచంలో ఎవరూ అక్కర్లేదనిపించింది.

కానీ పడుగుకు మనుషులు కావాలి. ఒకరి తర్వాత ఒకరు కుంచెలు కింద పెట్టి వెళ్ళిపోయారు. పక్కింటామె వెళ్తూ నా వైపు చూసి కళ్ళు దించుకుంది. పెద్దాయన వెళ్ళలేదు, చూడటానికి నిలబడ్డాడు. నాయన ఒక కొస, నేను ఒక కొస. దువ్వడం మొదలుపెట్టాం. ఎంత పరిగెత్తినా మధ్య అంతా అలాగే ఉంది. ఎండ తగలడం మొదలైంది. గంజి బిగుస్తున్న వాసన వచ్చింది. నాయనకు దగ్గు తెర వచ్చి కొయ్య పట్టుకుని వంగిపోయాడు. అయిపోయింది, పుట్టి మునిగిందనుకున్నాను.

అప్పుడు మా అత్త గడప దాటింది. కొంగు నడుముకు బిగించి, వీధి మధ్యకు వచ్చి, కింద పడి ఉన్న కుంచె ఒకటి ఎత్తింది.

"నువ్వు ముట్టకూడదు," అన్నాడు పెద్దాయన. "కొత్త పడుగు అది."

అత్త పడుగు మీద చెయ్యి వేసింది. కుంచె కాదు, ముందు చెయ్యే వేసింది, అరచెయ్యి మొత్తం.

"ఈ ఇంట్లో ఇన్నేండ్లూ నూలు చుట్టింది ఈ చెయ్యే గదప్పా. నువ్విచ్చిన నూలే. చుట్టేటప్పుడు లేని మైల వీధిలోకి వస్తే యాడ నుంచి వచ్చింది? ముట్టినాను. ఏం చేస్తావో చెయ్యి." తర్వాత నా వైపు తిరిగి, "నోరు తెరుచుకోని ఏం చూస్తా ఉండావు? అటు పక్క ఆరిపోతా ఉండాది" అంది.

పెద్దాయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మేము ముగ్గురం దువ్వాం. ఒక అంచు పక్క పోగులు అంటుకుపోయి పాడయ్యాయి, దాన్ని కాపాడలేకపోయాం. మిగిలిన దాని మీద మా నాయన మార్గళి అంతా నేశాడు. పొంగలుకు ముందు పెద్దాయన వచ్చి ఆ గుడ్డను వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, చాలాసేపు వెతికాడు. బాగుందని అనలేదు. మడిచి భుజాన వేసుకుని పోయాడు, రెండోనాడు నూలు పంపాడు.

ఆ నూలు పడుగు వేసిన రోజు వీధివాళ్ళు వస్తారో రారో మాకు తెలియదు. నేను గంజి కుండతో బయటికి వచ్చేసరికి, ఎవరూ పిలవకముందే మా అత్త కుంచె పట్టుకుని వీధి మధ్యలో నిలబడి ఉంది.